చాంగీ ఫిరంగులు – చాంగీ గోడలు



శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి ఇమ్మని సంపాదకవర్గము వారు కోరినప్పుడు, మన అధ్యక్ష మండలములోని ఏదైనా పాత దేవాలయమును గూర్చి వ్రాద్దామని మొదట అనుకొన్నాను. అయితే ఆ పనిని నాకంటె బాగుగా చేయగల పెద్దలు ఈ సంచికలోనే వ్రాస్తున్నారు. కాబట్టి నేను సముద్రము ఆవల స్వయముగా చూచి వచ్చిన ఒక యుద్ధకాలపు శిథిలమును గూర్చి వ్రాస్తున్నాను. అది సింగపూరు ద్వీపమునకు తూర్పు కొనను చాంగీ అనే చోట ఉన్నది. దాని పేరు జొహోర్ బ్యాటరీ. బ్యాటరీ అంటే ఇక్కడ దీపపు బ్యాటరీ కాదు. సముద్రముమీదినుండి వచ్చే శత్రువుల ఓడలను కొట్టడానికి ఒడ్డున కట్టిన ఫిరంగుల స్థావరము. విశాఖపట్టణము బీచి రోడ్డులో ఒక చోటిని ఈనాటికీ కోస్టల్ బ్యాటరీ అనే పిలుస్తారు. ఆ పేరును ప్రతి దినము పలికే వారిలో దాని అర్థమును ఆలోచించే వారు కొద్దిమందే.

సింగపూరు ఫిరంగులతో మన సంఘములకేమి సంబంధమని మీరు అడుగవచ్చును. సంబంధమున్నది. దానిని మా ఇంటినుండే మొదలుపెట్టవలసియున్నది.

నాయనమ్మ మౌనము

మా నాయనమ్మకు ఒక్కడే అన్న. ఆయన 1937వ సంవత్సరములో ఒక కంగాణీ మాట విని మదరాసు మీదుగా ఓడ ఎక్కి మలయా దేశమునకు వెళ్ళాడు. పెరాక్ ప్రాంతములో ఒక తోటలో పని. ఆ ప్రాంతపు కొబ్బరి తోటలలోను, రబ్బరు తోటలలోను అప్పటికే తెలుగువారు చాలామంది ఉన్నారు. ఆయన అప్పుడప్పుడు ఉత్తరము వ్రాయించేవాడు. ఒకసారి డబ్బు కూడా పంపాడు. ఆ డబ్బుతో కొన్న ఇత్తడి బిందె మా ఇంటిలో ఇప్పటికీ ఉన్నది. 1941 క్రిస్మసుకు ఉత్తరము రాలేదు. ఆ తరువాత ఎన్నడూ రాలేదు. యుద్ధము ముగిసిన రెండేళ్ళకు అదే తోటనుండి తిరిగి వచ్చిన ఒక మనిషి చెప్పిన మాట ఒక్కటే మా వారికి దక్కిన సమాచారము: జపాను వారు సయాములో రైలు దారి వేయడానికి తీసుకొనిపోయిన కూలీలలో ఆయన ఉన్నాడు, తిరిగి రాలేదు.

మా నాయనమ్మ భక్తిగల మనిషి. తెల్లవారుజామున లేచి ఊరందరి కొరకు పేరు పేరున ప్రార్థించేది. 1995 జనవరిలో జపాను దేశమున కోబె నగరములో గొప్ప భూకంపము వచ్చి వేలమంది చనిపోయారు. ఆ ఆదివారము మా అయ్యగారు ఆ దేశ ప్రజల కొరకు ప్రార్థించుదమని అన్నారు. సంఘమంతా మోకరించింది. మా నాయనమ్మ మాత్రము లేచి, చెప్పులు తొడుగుకొని, గుడి బయటికి వెళ్ళి వేపచెట్టు క్రింద నిలిచింది. నేను అప్పుడు పదిహేనేండ్ల కుర్రవాడను. సిగ్గుతో తలవంచుకొన్నాను. ఇంటికి వచ్చాక అడిగితే, "నాకు రాదురా, నోట రాదు" అని మాత్రము అన్నది. తరువాత ఆ సంగతి మా ఇంటిలో ఎవరూ ఎత్తలేదు. 2006లో ఆమె ప్రభువునందు నిద్రించింది.

ఆమె మాట నాతో వేదాంత కళాశాలకు వచ్చింది. క్షమాపణను గూర్చి పరీక్షలలో పుటలకొద్ది వ్రాశాను. మంచి మార్కులే వచ్చినవి. కాని వేపచెట్టు క్రింద నిలిచిన ఆ మనిషికి చెప్పదగిన జవాబు ఆ పుటలలో లేదని నాకు తెలుసు. కొన్నేండ్ల క్రిందట సింగపూరులోని తెలుగు విశ్వాసులు కొందరు కూడికలకు పిలిచినప్పుడు, నా మనస్సు మొదట వెళ్ళినది ఆ దేశపు ఎత్తైన మేడల మీదికి కాదు, చాంగీ మీదికి.

కోటగా మారిన ద్వీపము

మొదటి ప్రపంచ యుద్ధానంతరము బ్రిటిషు వారికి ఒక చిక్కు వచ్చినది. సామ్రాజ్యము తూర్పు దిక్కున విశాలముగా ఉన్నది. నౌకాబలము మాత్రము ఐరోపాలో ఉండవలసియున్నది. తూర్పున జపాను బలపడుతున్నది. రెండు చోట్ల రెండు నౌకాదళములను పోషించే ధనము లేదు. కాబట్టి సింగపూరులో గొప్ప నౌకాస్థావరమును కట్టి, అవసరము వచ్చినప్పుడు ఇంగ్లండునుండి నౌకాదళమును అక్కడికి పంపాలని 1920 దశకము ఆరంభములో నిర్ణయించారు. ఆ ఓడలు వచ్చి చేరేవరకు స్థావరమును కాపాడేదెవరు? ఒడ్డున పెట్టిన ఫిరంగులు కాపాడాలి. ఫిరంగులా, విమానములా అని నౌకాదళము వారికిని వైమానికదళము వారికిని ఏండ్ల తరబడి వాదము జరిగినది. చివరకు పెద్ద ఫిరంగులనే ప్రధానముగా ఎంచుకొన్నారు.

1935లో అయిదవ జార్జి చక్రవర్తి రజతోత్సవము వచ్చినది. సింగపూరుకు ఎదురుగానున్న జొహోర్ రాజ్యపు సుల్తాను ఇబ్రహీము ఆ సందర్భమున అయిదు లక్షల పౌనులు కానుకగా ఇచ్చాడు. అందులో ఎక్కువ భాగమును చాంగీలో ఫిరంగులు పెట్టడానికి ఖర్చుచేసి, ఆ స్థావరమునకు ఆయన రాజ్యము పేరే పెట్టారు. ఉత్సవపు కానుక ఫిరంగులుగా మారినది. మనము కూడా ఇప్పుడు ఉత్సవము చేసికొంటున్నాము; మన కానుకలు వేటిగా మారుతున్నవో ఆలోచించడము మంచిది.

జొహోర్ బ్యాటరీలో మూడు పెద్ద ఫిరంగులుండేవి. వాటి గొట్టపు నోరు 15 అంగుళములు. ఒక్కొక్క గొట్టము పొడవు దాదాపు 54 అడుగులు, బరువు నూరు టన్నులు. ఒక్కొక్క గుండు దాదాపు 880 కిలోలు. దానిని ఇరవై మైళ్ళకు పైగా విసరగల శక్తి వాటికున్నది. యుద్ధనౌకలకు అమర్చే జాతి ఫిరంగులే అవి. ద్వీపము మొత్తములో ఇటువంటివి అయిదు. మూడు చాంగీలోను, రెండు పడమటి భాగమున బ్యూన విస్టా అనే చోటను పెట్టారు. వీటితోపాటు 9.2 అంగుళముల ఫిరంగులు, ఆరు అంగుళముల ఫిరంగులు మరికొన్ని ఉండేవి. 1938 ఫిబ్రవరిలో నౌకాస్థావరపు పెద్ద డాకును ప్రారంభించినప్పుడు పత్రికలన్నీ సింగపూరును జయింపరాని కోట అని పొగిడినవి.

నేను చూచినది

మన పాస్టరేటునుండి వెళ్ళి అక్కడ ఉద్యోగము చేస్తున్న ఒక యౌవనస్థుడు నన్ను వెంటబెట్టుకొని వెళ్ళాడు. విమానాశ్రయమునకు దగ్గరలో, చాంగీ జైలు పరిసరములలో కాస్ఫర్డ్ రోడ్డు అని ఒక దారి ఉన్నది. ఆ దారిని మలుపు తిరిగితే గడ్డి బాగుగా కత్తిరించిన మైదానము. అందులో బూడిదరంగు ఫిరంగి ఒకటి ఆకాశమువైపు మూతి ఎత్తి నిలిచియున్నది. ప్రక్కన ఒక గుండు. ఎండ మాడ్చివేస్తున్నది. నాలుగు నిమిషములకు ఒక విమానము తలమీదుగా దిగుతున్నది.

"అయ్యగారూ, ఇది అసలు ఫిరంగి కాదండి, నమూనా" అన్నాడు ఆ అబ్బాయి. నిజమే. అసలు ఫిరంగులను లొంగిపోవడానికి ముందు బ్రిటిషు సైనికులే శత్రువు చేతికి చిక్కకుండా పేల్చివేశారు. యుద్ధము తరువాత మిగిలినది తుక్కు ఇనుము క్రింద పోయినది. స్థావరము క్రింద, భూమిలోపల, మందుగుండు దాచడానికి త్రవ్విన సొరంగములు మాత్రము మట్టి క్రింద ఉండిపోయినవి. జనులు వాటిని మరచిపోయారు. 1991లో జైలు శాఖ వారికి అవి తిరిగి కనబడినవి. 2002వ సంవత్సరము ఫిబ్రవరి 15న, అనగా సింగపూరు పతనమై సరిగా అరువది సంవత్సరములు నిండిన దినమున, నమూనా ఫిరంగిని నిలిపి ఆ స్థలమును ప్రజలకు తెరిచారు. సొరంగములలోనికి ఎవరినీ పోనివ్వరు. అవి భూమిలో ఎటు ఎటు పోతున్నవో పైన నేలమీద గుర్తులు పెట్టారు. ఆ గుర్తుల వెంబడి నేను నడిచాను. నా అడుగుల క్రింద చీకటి గదులున్నవి. ఒక కాలమున వాటినుండి యంత్రములు ఎత్తి అందించిన గుండ్లు ఒక్కొక్కటి ఒక అంబాసిడరు కారుకు కొంచెము తక్కువ బరువు. ఇప్పుడు పైన చిన్న చిన్న తెల్లని పువ్వులు పూచిన గడ్డి.

అంతే. చూడడానికి ఇంకేమియు లేదు. అరగంటలో అంతా చూడవచ్చును. అయినను నేను అక్కడ చాలసేపు కూర్చున్నాను.

తప్పు దిక్కు కథ

సింగపూరు ఫిరంగులను గూర్చి అందరికీ తెలిసిన కథ ఒకటున్నది. ఫిరంగులన్నీ సముద్రమువైపు తిరిగి ఉండగా శత్రువు వెనుకనుండి భూమిమీదుగా వచ్చాడని ఆ కథ. ప్రసంగములలో నేను కూడా దానిని వాడియున్నాను. అది పూర్తిగా నిజము కాదని అక్కడికి వెళ్ళి చదివి తెలిసికొన్నాను. కాబట్టి ముందుగా నా తప్పు దిద్దుకొంటున్నాను.

జరిగినది ఇది. 1941 డిసెంబరు 8న జపాను సైన్యము మలయా ఉత్తర తీరమున కోటా బారూ వద్ద దిగినది. ఇంగ్లండునుండి పంపిన రెండు గొప్ప యుద్ధనౌకలు, ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనునవి, డిసెంబరు 10న విమానముల దాడికి మునిగిపోయినవి. ఏ నౌకాదళము వచ్చేవరకు ఫిరంగులు కాపలా కాయవలెనో ఆ నౌకాదళము ఆశ మూడవ దినముననే సముద్రము పాలైనది. జపాను సైనికులు సైకిళ్ళమీద, కాలినడకన, రబ్బరు తోటల దారులలో దక్షిణమునకు దూసుకొని వచ్చారు. 1942 జనవరి 11న కౌలాలంపూరు పడిపోయినది. జనవరి 31న బ్రిటిషు సైన్యము ద్వీపములోనికి వెనుకకు వచ్చి, జొహోర్‌ను సింగపూరును కలిపే కట్టను పేల్చివేసినది. ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి శత్రువులు పడవలలో ద్వీపపు వాయవ్య తీరమున దిగారు.

అప్పుడు చాంగీలోని పెద్ద ఫిరంగులు నిశ్చలముగా లేవు. అవి భూమివైపు తిరిగి కాల్చినవి. జొహోర్ బారూ పట్టణము మీదికి, తెంగా విమానాశ్రయము వైపునకు గుండ్లు పంపినవి. బ్యూన విస్టా ఫిరంగులకు మాత్రము అటు తిరిగే వీలు లేకపోయినది. అయితే అసలు కొరత దిక్కులో కాదు, గుండులో ఉన్నది. ఆ ఫిరంగులకు ఇచ్చినవి ఓడల ఉక్కు కవచమును చీల్చుకొనిపోయే గుండ్లు. అటువంటి గుండు మెత్తని నేలమీద పడితే లోతుగా మట్టిలో దిగి, అక్కడ పేలుతుంది. పైన చెదరి నడిచే సైనికులకు దానివలన కలిగే హాని స్వల్పము. నేలమీద పేలి చుట్టూ చిమ్మే గుండ్లు 15 అంగుళముల ఫిరంగులకు లేనే లేవు.

ఫిరంగి తిరిగినది, గుండు మారలేదు. నాకు ఇది పాత కథకంటె ఎక్కువ భయము కలిగించినది. దిక్కు తప్పితే తిప్పుకోవచ్చును. ఒక విధమైన శత్రువు కొరకే సిద్ధపడినవాడు మరియొక విధమైన కష్టము వచ్చినప్పుడు తన దగ్గరనున్నదే విసురుతాడు. శబ్దము గొప్పగా వస్తుంది, ఫలితముండదు. నూరేండ్లు నిండిన మన మండలములో మనము కూడా తాతల కాలపు ప్రశ్నలకు తయారైన జవాబులనే ఈనాటి యౌవనస్థుల మీదికి విసరుతున్నామేమో పరీక్షించుకోవాలి.

ఫిబ్రవరి 15 ఆదివారము. ఆ ఉదయము సేనాధిపతి పెర్సివల్ ఫోర్ట్ క్యానింగ్‌లో ప్రభురాత్రి భోజన ఆరాధనకు వెళ్ళి, ఆ తరువాత తన క్రింది అధికారులతో ఆలోచన చేశాడు. నీరు, మందుగుండు, ఆహారము తరిగిపోతున్నవి; పట్టణములో జనులు బాంబులకు చనిపోతున్నారు. ఆ సాయంకాలము బుకిత్ తీమాలోని ఫోర్డు కంపెనీ భవనములో జపాను సేనాని యమషితా ఎదుట సంతకము చేశాడు. బ్రిటిషు చరిత్రలో అంతటి పెద్ద లొంగుబాటు అంతకు ముందు లేదు. రెండు దినముల తరువాత ఫారర్ పార్కు మైదానమున దాదాపు 45,000 మంది భారతీయ సైనికులను జపాను వారికి అప్పగించారు. వారిలో అనేకులు తరువాత ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివారిని దూరద్వీపములకు వెట్టిచాకిరికి పంపారు.

ఈస్టరు మరునాడు

సింగపూరు పతనము మన తీరమునకు ఎంత దగ్గర సంగతో ఆ తరువాతి ఏడు వారములు చూపించినవి. మార్చి 8న రంగూను పడిపోయినది. మార్చి 23న అండమాను దీవులు జపాను వశమైనవి. ఏప్రిలు 5వ తేదీ ఈస్టరు పండుగ. ఆ ఉదయమే కొలంబో మీద బాంబులు పడినవి. మరునాడు, ఏప్రిలు 6 సోమవారమున, జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. ఆ దినములలోనే బంగాళాఖాతములో ఇరవైకి పైగా వర్తకపు ఓడలు మునిగిపోయినవి. సింగపూరు నిలిచియుంటే ఆ నౌకలు ఆ నిబ్బరముతో మన సముద్రములోనికి వచ్చేవి కావు.

పునరుత్థాన పండుగకు కట్టుకొన్న కొత్త బట్టలతోనే తీరవాసులు ఎడ్ల బండ్లు కట్టుకొని లోపలి ఊళ్ళకు పారిపోయిన సంగతిని మన పెద్దలు చెప్పుకొనేవారు. మా నాయనమ్మకు అప్పుడు పదిహేడేండ్లు. బండిలో కూర్చుని ఆమె ఆలోచించినది తన ఊరిని గూర్చి కాదట. "మనమీదనే ఇట్లా పడితే, అన్న ఉన్న చోట ఎట్లా ఉన్నదో" అని ఏడ్చినదట.

151వ బ్లాకు గోడలు

జొహోర్ బ్యాటరీకి సమీపమున రాబర్ట్స్ బ్యారక్స్ అనే సైనిక నివాసములుండేవి. లొంగిపోయిన తరువాత చాంగీ ప్రాంతమంతా బందీల శిబిరమైనది. రాబర్ట్స్ బ్యారక్సును బందీల ఆసుపత్రిగా మార్చారు. అక్కడి 151వ బ్లాకు క్రింది అంతస్తులో వైద్యుడైన లూకా పేరిట ఒక చిన్న ప్రార్థనాలయమును ఏర్పరచుకొన్నారు.

ఆ ఆసుపత్రిలో స్టాన్లీ వారెన్ అనే ఫిరంగిదళ సైనికుడొకడు జబ్బుగా పడియున్నాడు. విరేచనములతోను, మూత్రపిండముల వ్యాధితోను కృశించిపోయినవాడు. యుద్ధమునకు ముందు చిత్రములు వేసే పనిచేసేవాడు. ప్రార్థనాలయపు గోడలమీద బొమ్మలు వేయమని పాదిరీలు కోరగా ఒప్పుకొన్నాడు. రంగులు లేవు. తోడి బందీలు ఎక్కడెక్కడనుండో ప్రమాదమునకు తెగించి తెచ్చి ఇచ్చారు: సైనిక వాహనములకు పూసే గోధుమరంగు పెయింటు, కొంచెము తెలుపు, కొంచెము ఎరుపు. నీలము కొరకు బిలియర్డ్సు ఆటలో వాడే సుద్దముక్కలను నూరి కలిపారు. అతడు ఒక్కసారికి కొద్ది నిమిషములకంటె ఎక్కువ నిలువలేకపోయేవాడు. కొంచెము వేయడము, పడుకోవడము, మరల లేవడము. 1942 క్రిస్మసు నాటికి మొదటి చిత్రము, క్రీస్తు జననము, పూర్తియైనది. తరువాత ఆరోహణము, సిలువ, చివరి భోజనము, చెరసాలలో లూకా, ఈ విధముగా మొత్తము అయిదు చిత్రములు.

సిలువ చిత్రములో అతడు ఎంచుకొన్న సమయము గమనించదగినది. మేకులు కొట్టినవారిని క్షమించుమని ప్రభువు తండ్రిని వేడుకొన్న ఘడియ అది. గోడకు ఇవతల ఆకలితో, పుండ్లతో పడియున్న బందీలు. ఆవల వారిని కాపలా కాసే సైనికులు. అటువంటి గోడమీద ఆ మాటను వ్రాయడము ఎంత కష్టమో తలచుకోండి.

తరువాత ఆ గదిని సామాను గదిగా మార్చి, గోడలకు సున్నము వేశారు. లూకా చిత్రపు క్రింది భాగమును తలుపు కొరకు పగులగొట్టారు. 1958లో బ్రిటిషు వైమానికదళము వారికి సున్నము క్రింద బొమ్మలు కనబడినవి. వేసినవాడెవరో వెదకగా, వారెన్ లండనులో బడి పంతులుగా, చిత్రలేఖనము నేర్పుతూ బ్రదికియున్నాడని తెలిసినది. వచ్చి బాగుచేయమని పిలిచారు. అతడు వెంటనే రాలేదు. ఆ చోటును తలచుకోవడమే అతనికి బాధ. చివరకు 1963 డిసెంబరులో వచ్చాడు. మరల 1982లోను, 1988లోను వచ్చి పని ముగించాడు. 1992లో చనిపోయాడు. అసలు గోడలు ఇప్పుడు వైమానిక స్థావరము లోపల ఉన్నవి. అందరికీ ప్రవేశము లేదు. ఆ చిత్రములకు ప్రతులను చాంగీ చాపెల్ అండ్ మ్యూజియములో చూడవచ్చును. నేను చూచినది ఆ ప్రతులనే.

సిలువ చిత్రము ఎదుట నిలిచినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తుకు వచ్చినది. క్షమాపణ మాటను తన చేతితో గోడమీద చిత్రించిన మనిషికే ఆ గదిలోనికి తిరిగి అడుగుపెట్టడానికి అయిదేండ్లు ఆలోచన పట్టినది. ఆమె బయటికి వెళ్ళి వేపచెట్టు క్రింద నిలిచినందుకు నేను ఆనాడు సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుకు ఇప్పుడు సిగ్గుపడ్డాను.

బిషప్పు విల్సన్

మనవంటి సంఘము వారు తప్పక తెలిసికోవలసిన మరియొకరు లియొనార్డ్ విల్సన్. 1941లో సింగపూరు బిషప్పు అయినాడు. పట్టణము పడిపోయే దినములలో ఆయన కెథీడ్రలు, అనగా సెయింట్ ఆండ్రూస్, గాయపడినవారికి ఆసుపత్రిగా ఉపయోగపడినది. ఆ కెథీడ్రలును గత శతాబ్దమునకు ముందటి శతాబ్దములో భారతదేశమునుండి తెచ్చిన ఖైదీలచేత కట్టించారు. లోపలి గోడల తెల్లని నునుపు మన మదరాసు సున్నము పని. సున్నములో కోడిగ్రుడ్ల తెల్లసొన, చక్కెర కలిపి రుద్దినది. 1862లో ప్రతిష్ఠించారు. ఆ నునుపు గోడను నేను చేతితో తాకి చూచాను.

విల్సనుగారిని 1943 మార్చిలో చాంగీ జైలులో పెట్టారు. ఆ అక్టోబరు 10న జపాను సైనిక పోలీసులు జైలుమీద పడి, గూఢచారులని అనుమానించి అనేకులను పట్టుకొనిపోయారు. బిషప్పుగారిని కూడా తీసికొనిపోయి దినముల తరబడి కొట్టి హింసించారు. తనను కొట్టేవారి ముఖములు చూస్తూ, వీరు కూడా ఒకప్పుడు చిన్నపిల్లలే, వీరు మారితే ఎట్లుందురో అని ఊహించుకొన్నందున ద్వేషమునకు లోబడకుండ నిలిచానని ఆయన తరువాత చెప్పాడు. ఆయన బ్రదికి బయటపడ్డాడు. 1947లో తనను హింసించినవారిలో ఒకనికి ఆయనే చేతులుంచి కన్ఫర్మేషను ఇచ్చాడు. అది మన దక్షిణ ఇండియా సంఘము పుట్టిన సంవత్సరమే.

ఇది నిజముగా జరిగిన సంగతి. అయినను దీనిని ప్రసంగపీఠమునుండి చెప్పేటప్పుడు నేను ఇప్పుడు ఒక జాగ్రత్త తీసుకొంటున్నాను. దెబ్బలు తిన్నది ఆయన, క్షమించినది ఆయన. దెబ్బలు తినని నేను, తిన్నవారితో "మీరెందుకు క్షమించరు" అని అడుగుట తేలిక. అది నా పని కాదు. క్షమించగలిగినవానిని చూపించడము, క్షమించలేకపోయిన వారి ప్రక్కన చెట్టు క్రింద నిలువబడడము, ఈ రెండును గురువు పనియే.

పేరులేనివారు

సింగపూరు ఉత్తర భాగమున క్రాంజీ యుద్ధ స్మశానమున్నది. అక్కడి స్తంభములమీద సమాధి లేకుండా పోయిన సైనికుల పేర్లు 24,000కు పైగా చెక్కియున్నవి. భారతీయ సైనికుల పేర్లు ఎన్నో ఉన్నవి. ఆ అబ్బాయి అక్షరక్రమములో వెదకడము మొదలుపెట్టాడు. "వద్దు బాబూ, మా తాతయ్య సైనికుడు కాడు" అన్నాను.

సయాము, బర్మాల మధ్య ఆ రైలు మార్గము 415 కిలోమీటర్లు. 1942–43లో వేశారు. యుద్ధబందీలు అరువదివేలమంది పనిచేయగా పండ్రెండువేలకు పైగా చనిపోయారు. వారి లెక్కలు, పేర్లు, సమాధులు ఉన్నవి. ఆసియా ఖండపు కూలీలు రెండు లక్షలకు పైగా. వారిలో మలయా తోటలనుండి వెళ్ళిన తమిళులు, తెలుగువారు వేలకు వేలు. కలరాకు, జ్వరములకు, ఆకలికి వారిలో దాదాపు తొంబదివేలమంది చనిపోయారని అంచనా. అంచనా మాత్రమే, వారిని లెక్కపెట్టి పేర్లు వ్రాసినవారెవరూ లేరు. చాంగీ సముద్రతీరమున 1942 ఫిబ్రవరి 20న కాల్చి చంపిన 66 మంది చైనా పౌరులకైనను ఒక స్మారక ఫలకము ఉన్నది. మా తాతయ్యవంటి వారికి పేరున్న రాయి ఎక్కడా నాకు కనబడలేదు.

తిరిగి వచ్చిన తరువాత మా స్వంత ఊరి సంఘమునకు వెళ్ళి పాత రిజిస్టరులు అడిగాను. బాప్తిస్మపు రిజిస్టరులో ఆయన పేరు, తండ్రి పేరు, తేదీ, చక్కని వ్రాతతో ఉన్నవి. సమాధి రిజిస్టరులో లేదు. ఆ ఖాళీలోనే మా నాయనమ్మ అరువది సంవత్సరములకు పైగా బ్రదికినదని నాకు అప్పుడు అర్థమైనది. ఆమెకు క్షమించడము రాలేదని మేమనుకొన్నాము. దుఃఖించడానికే ఆమెకు చోటు దొరకలేదు.

గత నవంబరులో, పరిశుద్ధుల స్మరణ ఆదివారమున, ఆ సంఘపు అయ్యగారి అనుమతితో ఆయన పేరును నేను బిగ్గరగా చదివాను. వెనువెంటనే, అదే ప్రార్థనలో, జపాను దేశ ప్రజల కొరకు కూడా ప్రార్థించాను. మొదటి మాట పలికిన తరువాత రెండవ మాట నా నోట వచ్చినది. మొదటి మాట లేకుండా రెండవది పలుకమని ఆమెను మేము అడిగాము. తప్పు అక్కడ జరిగినది.

ప్రియ పాఠకులారా, శతవార్షికోత్సవమున మనము గోపురములకు రంగులు వేస్తున్నాము, శిలాఫలకములు నిలుపుతున్నాము. మంచిదే. అయితే మీ పాస్టరేటులోని బాప్తిస్మపు రిజిస్టరును ఒకసారి సమాధి రిజిస్టరు ప్రక్కన పెట్టి చూడండి. బర్మాకు, మలయాకు, దక్షిణ ఆఫ్రికాకు, యుద్ధములకు వెళ్ళి తిరిగి రానివారి పేర్లు మొదటి దానిలో ఉండి రెండవ దానిలో లేకుండా కనబడవచ్చును. వాటిని వ్రాసి, ఈ సంవత్సరమే సంఘమెదుట చదివించండి. నూరు టన్నుల ఫిరంగులు నాలుగేండ్లయినా నిలువలేదు. సుద్దముక్క నూరి వేసిన నీలిరంగు సున్నము క్రింద కూడా చెడకుండ నిలిచినది.

దేవుడు మన సంఘములను ఆశీర్వదించును గాక.